నాలుగు చేతుల కమ్మరి

సముద్రం చేసిన తప్పులకు క్షమాపణ చెప్పడం సుందరి ఉద్యోగం. పోర్ట్ బ్లెయిర్ జెట్టీలో ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చుని, గాలి ముదిరిన రోజున ఏ బోటు కదలదో మైకులో హిందీలో చెబుతుంది. చివర, "యాత్రియోం కో హుయీ అసువిధా కే లియే హమే ఖేద్ హై" అని, అంటే ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని, ముగిస్తుంది. గాలిని లేపింది ఆమె కాదు, బోటును ఆపిందీ ఆమె కాదు. అయినా ప్రయాణికులకు కనిపించే ముఖం ఆమెదొక్కటే. హేవ్‌లాక్‌కు బయలుదేరిన కొత్త జంటలు, రంగత్‌లో చావింటికి చేరవలసిన ముసలివాళ్లు, అందరూ ఆ కిటికీ మీదనే విరుచుకుపడతారు. ఆమె గొంతు పెరగదు. పెరగకూడదని నియమం. దిగమింగిన కోపం అన్నంలా అరగదని మాత్రం ఆ కిటికీ వెనక గడిపిన ఏళ్లలో ఆమెకు బాగా తెలిసింది.

ఆ కోపాన్ని ఆమె ఇంటికి తీసుకువెళ్లి, టీవీ ముందు చాప పరుచుకుని, ఒక ఎలుగుబంటి చేత ఒక మహారాణిని తన్నించేది.

సుందరి ప్రోతరాపూర్‌లో పుట్టింది. భీమిలి దగ్గరి పల్లె నుంచి కలప పనికి వచ్చిన తాత ద్వీపంలోనే ఉండిపోయాడు. తండ్రి బస్సు నడిపాడు. బడి అంతా హిందీలో సాగింది. తెలుగు ఆమెకు నోటి భాష. ఇంట్లో మాట్లాడేది, ఆదివారం ఆరాధనలో పాడేది. అచ్చులో తెలుగు చదవాలంటే కూడబలుక్కోవాలి కనుక, పాటల పుస్తకం చేతిలో పట్టుకుంటుంది గాని అందులోకి చూడదు. పెళ్లై డిగ్నాబాద్‌లో ఒకే కప్పు కింద రెండు వాకిళ్లున్న ఇంటికి వచ్చింది. ఒక వాకిలి ఆమె భర్త లాయిడ్‌ది. అతను మెయిన్‌లాండ్ ఓడలో ఖలాసీ. నెలలో సగం నీళ్ల మీదే ఉంటాడు. రెండో వాకిలి అతని అన్న బాలస్వామిది. ఆయన ఓడల సామాన్ల గోదాములో పనిచేసి రిటైరయ్యాడు. తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్ద. ఆయన భార్య నాన్సీ. రెండిళ్ల తాళంచెవులూ రెండిళ్లలోనూ ఉంటాయి. తుఫాను వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ లేకపోయినా కిటికీలు మూయవచ్చునని ఆ ఏర్పాటు.

గేమ్ మెషిన్‌ను లాయిడ్ ఒక ప్రయాణంలో చెన్నైలో పాతదిగా కొని తెచ్చాడు, తన కోసమే. వేర్వేరు ఆటల్లోని వీరులందరూ ఒకే గోదాలోకి దిగి తన్నుకునే ఆట అది. తమ తమ కథల్లో ఒకరినొకరు ఎరుగనివాళ్లు, ఒక లోకానికి చెందనివాళ్లు, అక్కడ ఎందుకు కలుసుకున్నారో, ఎందుకు కలహిస్తున్నారో ఎవరూ చెప్పరు. లాయిడ్‌కు నెల తిరగకుండానే విసుగు పుట్టింది. సుందరికి పుట్టలేదు. భూమ్మీద నలుమూలల నుంచి వచ్చిపడి ఒకే దిమ్మ మీద బతకడం నేర్చుకున్న ద్వీపవాసికి ఆ గోదాలో వింత ఏమీ కనిపించకపోయి ఉంటుంది.

అయితే ఆమెను పట్టి ఉంచింది పోరు కాదు, ట్రోఫీలు. గెలిచిన నాణేలను ఒక గొట్టంలో వేస్తే లోపలినుంచి ఒక బొమ్మ దొర్లుకుంటూ వస్తుంది. ఒక వీరుడో, వాడి గుర్రమో, ఏ ఆటలోనో ఒక్కసారి కనిపించి మాయమైన చిల్లర దొంగో, ఒక తాళం కప్పో. ఆ బొమ్మ గోదాలో పనికిరాదు, బలం పెంచదు, అమ్ముడు పోదు. గ్యాలరీ అనే గదిలో పీట మీద నిలబడుతుంది. దాన్ని నెమ్మదిగా తిప్పి వెనకవైపు కూడా చూడవచ్చు. కింద ఇంగ్లీషులో రెండు వాక్యాలుంటాయి. కొత్తవి దొరికేకొద్దీ ఇంకా దొరకనివి అరుదవుతాయి. గొట్టంలోంచి మళ్లీ మళ్లీ పాతవే వస్తాయి. ప్రయోజనం లేని వస్తువును ప్రయోజనం లేదని తెలిసీ శ్రద్ధగా కూడబెట్టడాన్ని వ్యసనమనవచ్చు. పుణ్యం కూడా అలాగే కూడబెడతారు గనుక నేరమనడం కష్టం.

ఆ రెండేసి వాక్యాల మీదనే ఆమె తన ఇంగ్లీషును దిద్దుకుంది. పిల్లలు లేరు కాబట్టే ఈ ఆట అని జాలిపడేవాళ్లకు ఆమె జవాబు ఒకటే: "పిల్లలున్నోళ్లు క్యారమ్స్ ఆడరా?"

ఉన్నవాటిలో ఆమెకు ఎక్కువ ఇష్టమైనది నాలుగు చేతుల కమ్మరి. వేరే ఏదో ఆటలో కత్తులు సానబెట్టే అంగడివాడు. ఆ ఆట ఆడిన గుర్తు ఉన్న మెమరీ కార్డును మెషిన్‌కు తగిలిస్తేనే గాని ఈ కమ్మరి రాడు. ఇక్కడ ఆ ఆట ఎవరి దగ్గరా లేదు. లాయిడ్ ఓడలో పనిచేసే విశాఖపట్నం మనిషి తిరుమలరావు దగ్గర ఆ కార్డు ఉందని తెలిసి, ఒక ప్రయాణానికి అరువు తెప్పించుకుంది. ఉప్పుగాలి తగలకుండా పాలపొడి డబ్బాలో బియ్యం పోసి, బియ్యం మధ్యలో కార్డు పెట్టి పంపాడు తిరుమలరావు. ఓడ తిరిగి లంగరెత్తేలోగా కమ్మరి వచ్చాడు, కార్డు వెళ్లిపోయింది. తర్వాత తిరుమలరావు ఓడ ఉద్యోగం మానేశాడు; ఎక్కడున్నాడో లాయిడ్‌కు తెలియదు. కమ్మరి కింద రాసిన వాక్యాలు సుందరికి కంఠతా వచ్చు. రెండు చేతులు ఇనుముకు, ఒకటి నిప్పుకు. నాలుగో చెయ్యి దేనికో అతను చెప్పడు.

సంఘంలో శుక్రవారం సాయంత్రాలు ఇంటింటి ప్రార్థన జరుగుతుంది. ఆ వారం వంతు సుందరిది. జెట్టీ నుంచి ఆలస్యంగా వచ్చి, కాసేపు గ్యాలరీ చూసుకుని, మనుషులు వచ్చే వేళకు టీవీ మాత్రం ఆపింది. మెషిన్ ఆపడం మరిచింది. అందరూ చాపల మీద కూర్చున్నారు. సంఘంలో నోటి దురుసుకు పేరుపడిన గవరయ్యకు మోకాళ్ల నొప్పి. ఆయనకు సోఫా ఇచ్చారు. ఆయన టీవీ రిమోట్ మీద కూర్చున్నాడు. బాలస్వామి దీర్ఘంగా ప్రార్థన చేసి, అందరూ ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి, వెలుగుతున్న టీవీలో పీఠం మీద నాలుగు చేతుల విగ్రహం ఒకటి మెల్లగా తిరుగుతోంది. వెనక వరుసల్లో ఇంకా ఎన్నో.

గవరయ్య గొంతు సవరించుకున్నాడు.

"పెద్దగారి తమ్ముడింట్లో ప్రతిష్ఠ అయిపోయిందన్నమాట. మనకి కబురే లేదు."

కొందరు నవ్వారు. సుందరి కూడా నవ్వుతూనే టీవీ కట్టేసి, అదొక గేమ్ అని చెప్పి, టీ పోసింది. బాలస్వామి నవ్వలేదు. మనిషి దేవునికి భయపడటం వేరు, గవరయ్యకు భయపడటం వేరు. కాని రెండు భయాలూ ఒకే గుండెలో కాపురం ఉన్నప్పుడు ఏది ఏదో ఆ గుండెకే తెలియదు.

సోమవారం గాలి ముదిరి, దాదాపు అన్ని బోట్లూ ఆగిపోయాయి. కిటికీ దగ్గర ఒకాయన సుందరిని పందికొక్కు అన్నాడు. ఆమె ఖేదం ప్రకటించింది. ఇంటికి వచ్చి, ముఖం కడుక్కుని, మెషిన్ వేసింది. గ్యాలరీ గది తెరుచుకుంది. నేల ఉంది, దీపాల వెలుగు ఉంది, బొమ్మలే కాదు, పీటలు కూడా లేవు. టీవీ చెడిందేమో అనుకుంది. తీసి మళ్లీ వేసింది. అప్పుడామె కంట్లో పడింది: మెషిన్ మీద దుమ్ము లేదు. ఎవరో తడిగుడ్డతో శుభ్రంగా తుడిచారు. వైర్లు చక్కగా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి పెట్టారు. గోదాములో ముప్పై ఏళ్లు సామాన్లు సర్దిన చెయ్యి.

ఆమె రెండో వాకిట్లోకి నడిచింది. బాలస్వామి కుర్చీలో కూర్చుని చేపల వలకు కన్నాలు పూడుస్తున్నాడు.

"మెషిన్ మీరు ముట్టుకున్నారా బావగారూ?"

"ముట్టుకున్నానమ్మా." దాపరికం ఏమీ లేదు. "ప్రార్థన చేసుకునే ముట్టుకున్నాను. మెషిన్‌కి ఏటీ కాలేదు, చూసుకో. దాని తప్పేటుంది? బొమ్మల్ని తీసేశానంతే."

"అన్నీనా?"

"ఒక్కొక్కటీ తీసే దారి కనపడలేదు. డిలీట్ అని ఒకటే ఉంది."

"ఎవర్నడిగి తీశారు?"

"మన ఇంటి విషయం. పెద్దోణ్ణి. అడిగే పని లేదనుకున్నాను."

వంటింట్లోంచి నాన్సీ తల బయటకు పెట్టింది. "గేమే కదే, ఛోడ్ దో. బంగారం పోయినట్టు ఆ మొహమేటి?"

"బంగారం పోతే పోలీసుకి చెప్పుకుందును అక్కా. దీనికి ఎవరితో చెప్పుకోను?"

"ఇంట్లో విగ్రహం ఉండకూడదు సుందరమ్మా," అన్నాడు బాలస్వామి. "నాలుగు చేతులోణ్ణి అందరూ చూశారు."

"వాడు కమ్మరోడు. కత్తులు అమ్ముకుంటాడు. నేను వాడికి మొక్కానా? దండేశానా?"

"మొక్కకపోయినా రోజూ వాటి ముందు కూర్చుంటన్నావు కదా."

"అక్క రోజూ సీరియల్ ముందు కూర్చుంటాది. ఆ అత్తాకోడళ్లనీ చెరిపేస్తారా?"

"నన్నెందుకు లాగుతావే మధ్యలోకి," అంది నాన్సీ.

"అవి అసలు లేవు కదమ్మా," బాలస్వామి బుజ్జగించబోయాడు. "వట్టి వెలుగు. బరువు లేదు, చోటు లేదు. లేనివాటి కోసం ఇంత కోపమా?"

"లేనివైతే మీరు తీసిందేటి?"

ఆయన సూది వలలో ఆగింది. సుందరి తన వాకిట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది, వాళ్లింటి తాళంచెవి కొక్కెం మీదినుంచి తీసి బియ్యం డబ్బాలో పడేసింది. ఇంతకాలమూ కిటికీ వెనక దిగమింగినదంతా ఆమె గొంతులోకి వచ్చి అక్కడే నిలబడింది. పరాయివాళ్ల కోపానికి ఆమె దగ్గర కట్టుదిట్టమైన వాక్యం ఉంది. సొంత కోపానికి ఒక్క వాక్యమూ లేకపోయింది.

రెండు రోజుల తర్వాత సిగ్నల్ అందే చోటికి ఓడ వచ్చాక లాయిడ్ ఫోన్ చేశాడు. అన్నీ విన్నాడు.

"అన్నయ్య సంగతి తెలుసు కదా. మనసులో ఏటీ ఉండదు. మళ్లీ ఆడుకో. నీకేం, చిటికెలో వస్తాయి."

"కమ్మరోడెలా వస్తాడు?"

"వాడొక్కడు లేకపోతే ఏటి?"

"మీ ఓడలో ఒక్క లంగరు లేకపోతే ఏటి?"

"నువ్వు చాలా కోపంగా ఉన్నావు," అన్నాడు లాయిడ్, కొత్త విషయం కనిపెట్టినట్టు. ఆమె ఫోన్ పెట్టేసింది. మంచి మనసుతో చేసిన హాని హాని కిందికి రాదని ఈ లోకం ఎప్పుడు తీర్మానించిందో ఆమెకు అంతుపట్టలేదు. చెడ్డవాడు కొట్టి పారిపోతాడు, వాణ్ణి తిట్టుకోవచ్చు. మంచివాడు కొట్టి, గాయాన్ని తుడిచి, పక్కనే కూర్చుని, నొప్పెందుకని అడుగుతాడు.

నెలలో మొదటి ఆదివారం సంఘంలో ప్రభు బల్ల, యేసు కడపటి భోజనానికి గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం. ఆ రొట్టె, ఆ ద్రాక్షరసం తీసుకునే ముందు, ఎవరితోనైనా గొడవ ఉంటే సమాధానపడి రావాలి. అందుకే ఆ ముందటి శనివారం డిగ్నాబాద్‌లో, గోల్ ఘర్‌లో సంఘపు వాళ్లు ఒకరిళ్లకు ఒకరు వెళ్తుంటారు. అరటిపళ్లో బిస్కెట్లో పట్టుకుని, నీళ్ల పంపు దగ్గరి తగాదాలు తీర్చుకుని వస్తారు. ద్రాక్షరసం పోసిన చిన్న గిన్నెల పళ్లేన్ని వరుసల మధ్య తిప్పేది బాలస్వామి. చాలా ఏళ్లుగా ఆ పళ్లెం మరొకరి చేతికి పోలేదు. సొంత ఇంట్లో సమాధానం లేని పెద్ద దాన్ని ముట్టుకోకూడదు. ఈ నియమం రాసి లేదు గాని, రాసినవాటికన్నా గట్టిగా నడుస్తుంది.

శనివారం మధ్యాహ్నం వాన కురుస్తుండగా ఆయన సుందరి వాకిట్లోకి వచ్చాడు. చేతిలో బొప్పాయి. వెనక నాన్సీ.

"సుందరమ్మా, రేపు బల్ల."

"తెలుసు బావగారూ."

"మనసులో పెట్టుకోకు. క్షమించానని ఒక్క మాట అనెయ్యి."

"మీరు తప్పు చేశానన్నారా?"

"నీకు బాధ కలిగింది. ఆ బాధకి నేను చింతిస్తన్నాను."

సుందరి నవ్వింది. ఆ నవ్వు నాన్సీకి నచ్చలేదు.

"ఈ మాట నేను రోజూ మైకులో చెప్తాను. అసువిధా కే లియే ఖేద్ హై. దీని అర్థం నాకు తెలీదా? బోటు మాత్రం రాదు."

"ఒక్క మాట కదే," అంది నాన్సీ. "నోరు అరిగిపోతాదా?"

"జెట్టీలో జీతానికి చెప్తానక్కా. ఇంట్లో ఊరికే చెప్పను." అని, బాలస్వామి వైపు తిరిగింది. "మీకు మాట కావాలి. ఇస్తాను. ముందు ఇక్కడ కూర్చోండి. ఒక్కటంటే ఒక్క బొమ్మ మీ చేత్తో గెలవండి."

ఆయన అభ్యంతరం చెబుతాడనుకుంది. ఆయన చెప్పులు వాకిట్లో సరిగా పక్కపక్కన విడిచి, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పళ్లెం మీది మమకారం అంతటిది. వీరుల బొమ్మలన్నీ పరిశీలించి, వల పట్టుకున్న ముసలి జాలరిని ఎన్నుకున్నాడు, ఆ వృత్తిలో పాపం తక్కువని కాబోలు. సుందరి ఏ మీట ఎందుకో ఒకసారి చెప్పి, దూరంగా జరిగింది.

ముసలి జాలరి నీళ్ల మధ్యనున్న గోదా దిమ్మ అంచున నడిచి తనంతట తానే కింద పడ్డాడు. మళ్లీ పడ్డాడు. నాన్సీ బొప్పాయి కోసి తెచ్చింది.

"ఏవండీ, మీవోడు ఎవరూ కొట్టకుండానే చస్తున్నాడు."

"మాట్లాడకు. మధ్యలో మాట్లాడితే చెయ్యి పోతంది."

బాలస్వామి బొటనవేళ్లు మొద్దువి. వలలకు, తాళ్లకు అలవాటు పడ్డవి. చెమట పట్టింది. ఎలుగుబంటి ఆయన్ని గోదా బయటికి విసిరింది. ఆయన పళ్ల బిగువున ఏదో అన్నాడు. అది సంఘంలో అనే మాట కాదు. బొప్పాయి ముక్కల మీద ఈగలు వాలాయి. వాన హోరు తగ్గే వేళకు, ముసలి జాలరి వల విసిరి, ఎలాగో ఎలుగుబంటిని చుట్టి, నీళ్లలోకి ఈడ్చాడు. నాణేలు రాలాయి. గొట్టంలోంచి ఒక బొమ్మ దొర్లుకుంటూ వచ్చింది: తల మీద బకెట్ బోర్లించుకున్న కోడి.

బాలస్వామి ముందుకు వంగాడు. కోడిని తిప్పి వెనకవైపు చూశాడు. కింద ఉన్న ఇంగ్లీషు రెండు వాక్యాలూ పైకి చదివి, భార్యకు తెలుగులో చెప్పాడు. "దీనికి వానంటే భయమట. వాన వెలిసిందని ఎవరూ చెప్పలేదట." నాన్సీకి కూడా ఒకసారి చూపించాడు. తోక దగ్గర ఈకలు ఎంత నిజంలా చెక్కారో చూడమన్నాడు.

సుందరి ఆయన చేతిలోంచి కంట్రోలర్ తీసుకుని, మీటలు నొక్కి, తిరిగి ఇచ్చింది. తెర మీద డిలీట్ అన్న ప్రశ్న ఉంది. అవును, కాదు.

"చెరిపెయ్యండి."

"ఏటి?"

"విగ్రహమే కదా. పీట మీదుంది. మీరే దాని ముందు గంటలకొద్దీ కూర్చున్నారు. వట్టి వెలుగు. చెరిపెయ్యండి."

ఆయన తెర వైపు చూశాడు. వేలు మీట మీద ఉంది.

"ఇది నేను గెలిచింది కదమ్మా," అన్నాడు బాలస్వామి.

అని, తన మాట తనకే వినిపించి, ఆగిపోయాడు.

సుందరికి అప్పుడు గుండె తేలికపడి ఉండవలసింది. పడలేదు. కోపం ఇంకా పదునెక్కింది. ఆమె చెప్పినప్పుడు ఈయనకు తెలియలేదు. ఆమె ఏళ్లు, ఆమె సాయంత్రాలు, ఆమె నోటి మాట, ఇవేవీ సాక్ష్యానికి చాలలేదు. ఒక మధ్యాహ్నం తన సొంత బొటనవేళ్లు నొప్పిపెడితే, ఒక్క కోడి కోసం తెలిసింది. పరుల నష్టాన్ని తన నష్టంతో కొలిచిగాని నమ్మని మనిషి, న్యాయాన్ని ఇంతకాలం ఏ తూకపురాయితో పంచాడు?

"వాటిల్లో ప్రతి ఒక్కటీ నేను గెలిచిందే," అంది. "వెళ్లండి బావగారూ."

"మరి మాట ఇస్తానన్నావు కదే," అంది నాన్సీ.

"ఇస్తాను. నాకొచ్చినప్పుడు ఇస్తాను. అబద్ధం తీసుకుని బల్ల దగ్గరికి పోతారా?"

బాలస్వామి కంట్రోలర్‌ను చాప మీద పెట్టి లేచాడు. మోకాళ్లు పట్టేసి ఉన్నాయి. నాన్సీ చెయ్యి అందించింది. గడప దగ్గర ఒకసారి ఆగాడు గాని వెనక్కు తిరగలేదు.

ఆదివారం ఆరాధనలో పాదిరిగారు రొట్టె విరిచి, పళ్లెం కోసం ముందు వరుస వైపు చూశారు. బాలస్వామి లేచి నిలబడ్డాడు, కదలలేదు.

"నేను ముట్టుకోకూడదు అయ్యగారూ. మా ఇంట్లో సమాధానం లేదు."

"మరదలితోనా?" పాదిరిగారు లోగొంతుతో అడిగారు. "ఆమె ఒప్పుకోలేదా?"

"ఆవిడ ఒప్పుకోనక్కర్లేదు. ఆవిడ సొత్తు నేను పాడుచేశాను. మళ్లీ తెచ్చివ్వలేను. తప్పు నాది."

సొత్తు అన్న మాట విని గవరయ్య పక్కవాణ్ణి ఏదో అడిగాడు. పక్కవాడు తెలియదన్నట్టు చెయ్యి తిప్పాడు. ఆడవాళ్ల వైపు తలలు తిరిగాయి. సుందరి ఎవరి వైపూ చూడలేదు. తన నష్టం ఇంతమంది మధ్య ఇంత శుభ్రంగా వినిపించడం ఇదే మొదటిసారని గమనించింది. అది కోపాన్ని తగ్గించలేదు. ఇంతవరకు చోటు లేక తిరుగాడుతున్న కోపానికి కూర్చోవడానికి ఒక బల్ల మాత్రం దొరికింది.

పళ్లెం మరో పెద్ద పట్టుకున్నాడు. చిన్న గిన్నెలు ఒక్కొక్క వరుసా దాటి వచ్చాయి. ముందు వరుసలో బాలస్వామి తల వంచుకుని, తన ముందునుంచి పళ్లేన్ని పోనిచ్చాడు. పళ్లెం సుందరి చేతికి వచ్చింది. ఆమె అందులోంచి ఏదీ తీసుకోకుండా పక్కనున్న నాన్సీకి అందించింది.

"తీసుకోవే. అందరిముందూ చెప్పేశాడు కదా," నాన్సీ గుసగుసలాడింది. "ఇంకా తగ్గలేదా నీకు?"

"తగ్గలేదు."

"ఎప్పుడు తగ్గుతాది?"

"తెలీదక్కా. తగ్గితే ముందు ఆయనకే చెప్తాను."

నాన్సీ కొంచెం ఆలోచించి, తానూ గిన్నె తీసుకోకుండా పళ్లేన్ని అవతలికి పంపింది. పాట మొదలైంది. సుందరి పుస్తకం తెరిచి పట్టుకుని, దానిలోకి చూడకుండా, మొదటి చరణం నుంచీ గొంతెత్తి పాడింది.